రేడియేటరుకు సున్నం

ఈ రోజు మా మేనత్త నా కారు ముఖానికి సున్నం పూసింది.

రేపు పొద్దున మా ఆవిడను కాన్పుకు పలమనేరు నుంచి చిత్తూరు తీసుకుపోవాలి. కారేమో కొన్నాళ్లుగా నీళ్లు మింగుతోంది. రేడియేటరు నిండా పోసినా ఊరు దాటేసరికి ఇంజను కుతకుత ఉడుకుతుంది. కింద చూస్తే చుక్క తడి ఉండదు. పెట్రోలు కూపన్ల మీద కొలిచి ఇచ్చే ఈ కాలంలో ఇంకో బండి దొరకడం కల్ల. కారు ముందు తల పట్టుకుని కూర్చున్నాను.

అత్త వచ్చి చూసింది. "కుండ యాడ కారతాండాదో తెలీకపోతే మేమేం చేస్తాం రా? బయట సున్నం పూసి నీళ్లు పోస్తాం. సున్నమే సెప్తాది."

"ఇది కుండ కాదత్తా."

"నీళ్లు పోసేదే గదా. పక్కకు జరుగు!"

రేడియేటరంతా పూసింది. ఆరాక ఇంజను వేడెక్కేదాకా తిప్పాను. ఆపి చూస్తే, ఫ్యాను వైపు, పైతొట్టి అతుకు కింద తుప్పురంగు చార! వేడికి అతుకు విచ్చుకుని నీళ్లు కారి, నేల చేరకముందే ఆవిరైపోతున్నాయి. వెంటనే ఆ అతుక్కి టంకంతో మాటు వేయించాను. దాని మీద అత్త మళ్లీ సున్నం పూసింది. ఈసారి ఎంత తిప్పినా తెల్లగానే ఉంది.

కడగబోతే చెయ్యి పట్టుకుంది. "చిత్తూరు చేరేదాకా ఉండనీ. మళ్లా కారితే తెలుస్తాది గదా."

రేపు కనుమ దారిలో తెల్లముఖం కారు కనిపిస్తే నవ్వుకోండి, నాకేం కోపం లేదు. వెనక సీట్లో మా ఆవిడ పక్కన కూర్చున్నావిడకు మాత్రం ఒక నమస్కారం పెట్టండి.