రాముడికి ఎనిమిది కాళ్ళు

ఒక్క ఎద్దుకు ఎనిమిది కాళ్ళు, నాలుగు కొమ్ములు, రెండు తోకలు మొలిపించినవాణ్ణి మా పల్నాడు మొత్తం మీద నేనొక్కణ్ణే. బ్రహ్మదేవుడికి కూడా చేతకాని ఆ పనిని మూడు రోజుల్లో పూర్తి చేశాను. ఇంకో రోజు గడువు ఉండుంటే జెర్రిని కూడా దాటించేవాణ్ణేమో. నవ్వండి, నవ్వుకోవటానికే రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండే. కుర్రతనం గదా, పొగరు జాస్తి.

నలభై ఏళ్ళు ఉలి పట్టుకుని రాళ్ళ మీద అక్షరాలు చెక్కి బతికాను. అయిదో తరగతిలో "నీకు చదువు రాదు, పోయి గొడ్లు కాసుకో" అన్న మాస్టారి మొహం నాకింకా గుర్తే. ఆయన చెవి పక్కన పుట్టుమచ్చ కూడా గుర్తే. ఆయన మీద కోపంతోనే పుస్తకాలూ, లెక్కలూ, చివరికి కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నాకెవరైనా ఏదైనా చెప్పబోతే ఒళ్ళు మండుతుంది.

చేతి నరాలు మొరాయించాక నరసరావుపేటలో నా కొట్టులో లేజరు మిషను పెట్టాను. దాని పని చూస్తే దుక్కి దున్నినట్టే ఉంటుంది. ఎడమ నుంచి కుడికి ఒక గీత కాలుస్తూ పోతుంది. కుడి నుంచి ఎడమకు ఇంకో గీత కాలుస్తూ వస్తుంది. అట్టాంటి గీతలు వేలకు వేలు ఒకదాని కింద ఒకటి చేరితే నల్లరాయి మీద తెల్లగా బొమ్మ తేలుతుంది.

ఒకనాడు గురజాల పక్క పల్లె నుంచి సాంబయ్య వచ్చాడు. బండలాగుడు పందేల్లో పేరుమోసిన ఎద్దుల జత ఆయనది, రాముడూ లక్ష్మణుడూ. వాటిలో రాముడు చనిపోయాడు. చేలోనే పూడ్చాడట.

"అన్నా, పదకొండో రోజున వాడి మీద రాయి నిలపాలి. వాడి బొమ్మ దిగాలి" అన్నాడు ఫోనులో ఫోటో చూపిస్తూ.

"రాయేదీ?"

"ట్రాలీలో ఉంది. ఇదొక్కటే, చెడితే ఇంకోటి లేదు. నాలుగు రోజులుంది, చేస్తావా?"

"నాలుగు రోజులెందుకయ్యా, నాలుగు గంటలు చాలు."

ఆ మాటన్న నాలుకను నేనింకా క్షమించలేదు.

అంత పొగరులోనూ ఒక మంచి బుద్ధి మిగిలింది. ఆయన రాయి పక్కన పెట్టి, ముందు ఒక తుక్కు ముక్క మీద వేసి చూశాను. పోయే గీతలన్నీ ఒక పక్కకి, వచ్చే గీతలన్నీ ఇంకో పక్కకి జరిగాయి. ఎద్దు అంచు పొడుగునా దువ్వెన పళ్ళు. మా ఆవిడ టీ తెచ్చి తొంగి చూసింది.

"ఏమయ్యా, దీనికి చలిజ్వరమా? వణుకుతా ఉంది."

"కరెంటు సరిగా రావట్లేదే" అన్నాను. ఆడలేనివాడికి మద్దెల ఓడైతే, చెక్కలేనివాడికి కరెంటు ఓడు.

బెల్టు బిగించాను. బల్ల కింద అట్టముక్కలు దోపాను. మిషను నెత్తిన నిమ్మకాయ కూడా పెట్టాను. వణుకు తగ్గలేదు. గతిలేక మిషను అమ్మినవాళ్ళకు ఫోను కొడితే ఎవరో కుర్ర ఇంజనీరు ఎత్తాడు.

"సార్, మిషను తల పరుగులో ఉండగా లేజరు రవ్వంత ఆలస్యంగా వెలుగుతుంది. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. సాఫ్టువేరులో ఆఫ్‌సెట్ అని ఒక గడి ఉంటుంది. గీతల మధ్య తేడా కొలిచి, అందులో..."

"వేస్తా. కొలవటం నాకు నేర్పమాక. నువ్వు పుట్టకముందు నుంచీ కొలుస్తున్నా."

"సార్, పూర్తిగా వినండి..."

వింటే నేను నేనెందుకవుతాను? పెట్టేశాను.

గడియారాలు బాగుచేసేవాళ్ళ భూతద్దం కంటికి తగిలించుకుని కొలిచాను. పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. గడిలో పాయింట్ నాలుగు కొట్టి, ఇంకో ముక్క మీద వేశాను. అవే పళ్ళు, అంతే పొడుగు. మిషను నా మాట వినలేదనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే దువ్వెన. మీరైతే కాస్త తగ్గించి చూసేవాళ్ళు. తగ్గటం మా వంశంలో లేదు. ఏకంగా పాయింట్ ఎనిమిదికి పెంచాను.

అప్పటికి తుక్కు ముక్కలు అయిపోయాయి. వంటింట్లో చపాతీలు రుద్దే నల్లరాయి కనపడింది. ఇక చెప్పేదేముంది, ఎనిమిది కాళ్ళ అవతారం దాని మీదే వెలిసింది.

"ఏమయ్యా, నా చపాతీరాయి ఏది?"

"పనిలో ఉందే."

"అది చేసే పని నాకు తెలుసు. నువ్వు దానితో చేసే పనేంది?"

చూపించాను. మా ఆవిడ ఆ రాయినీ నన్నూ మార్చి మార్చి చూసి, "సాయంత్రం నుంచి అన్నమే" అని లోపలికి పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సాంబయ్య వచ్చాడు. చపాతీరాయి దాచేలోపే చూశాడు.

"ఇది రాముడా?"

"రాముడే."

"ఎనిమిది కాళ్ళున్నయ్యే."

తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు నా ముందు పసివాడు. నేను పట్టిన ఎద్దుకు ఎనిమిదే. "పరిగెత్తేటప్పుడు అట్టాగే కనపడతాయి సాంబయ్యా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇన్ని కాళ్ళుంటే నా కొడుకు పడిపోయేవాడు కాదులే" అని బల్ల మీద కూలబడ్డాడు. "రేపే పదకొండో రోజు. చేతగాకపోతే చెప్పన్నా. ఉత్త రాయే పాతుకుంటా."

నలభై ఏళ్ళలో నా కొట్టు నుంచి ఉత్త రాయి వెనక్కి పోయింది లేదు. మొదటిసారి జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాను.

"పోయే గీతకీ వచ్చే గీతకీ నాలుగు ఎడం ఉంది. అది పూడ్చమని మిషనులో నాలుగు వేశా. పోలా. ఎనిమిది వేస్తే మూడింతలైంది."

"ఆ నాలుగు దేన్ని జరుపుద్ది? పోయేదాన్నా, వచ్చేదాన్నా?"

"రెంటినీ. దాన్నిటు, దీన్నటు."

సాంబయ్య రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. "అన్నా, రెండెద్దులు నాలుగడుగుల ఎడంగా నిలబడ్డయ్. ఒక్కోదాన్ని నాలుగడుగులు లోపలికి తోలితే ఏమవుద్ది?"

"ఒకదాన్నొకటి దాటిపోయి, మళ్ళీ నాలుగడుగుల..." అని ఆగిపోయాను.

దువ్వెన పళ్ళు మారలేదనుకున్నాను గానీ, కుడి గీతలు ఎడమకీ ఎడమ గీతలు కుడికీ దాటిపోయి పళ్ళు తిరగబడ్డాయి. భూతద్దం పెట్టి పొడుగు కొలిచాను గానీ, ఏ గీత ఎటుందో చూళ్ళేదు.

"చెరి రెండడుగులు చాలు గదా" అన్నాడు సాంబయ్య. "కాడి కట్టే ఎవడికైనా తెలుసుద్ది."

గొడ్లు కాసుకోమన్న మాస్టారి మాట ఆనాడే విని ఉంటే ఈ లెక్క నాకు పదేళ్ళకే వచ్చేది.

చపాతీరాయి తిరగేసి, గడిలో పాయింట్ రెండు కొట్టాను. నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక్క తోక. ఎద్దు నేల మీద నిలబడ్డది. నా ప్రాణమూ నిలబడ్డది. వెంటనే అసలు రాయి ఎక్కించాను. బొమ్మ పూర్తయ్యేదాకా సాంబయ్య పక్కనుంచి కదల్లేదు. అయ్యాక మెడ కింది గంగడోలు మీద వేలితో నిమిరి, "వాడే" అన్నాడు. అంతే.

మర్నాడు చేలో, నేనూ ఒక చెయ్యేసి మోసిన రాయిని నిలబెట్టాం. సాంబయ్య లక్ష్మణుణ్ణి తోలుకొచ్చాడు. ఆ ఎద్దు రాయి దగ్గరికి వచ్చి, వాసన చూసి, రాముడి మొహాన్ని మెల్లగా నాకింది. మళ్ళీ నాకింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. నాకు గుండె ఇంతయింది.

"చూశావా సాంబయ్యా, గుర్తుపట్టింది. అదీ పనంటే."

"రాయి మోసేటప్పుడు నీ చెమటంతా దానికే పట్టిందన్నా" అన్నాడు సాంబయ్య, కళ్ళొత్తుకుంటూనే. "మా వాడికి ఉప్పంటే ప్రాణం."

కనుక పాఠక మహాశయులారా, ఎద్దు నాకిన ఆ రాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా, ఎదురెదురు గీతల మధ్య తేడా ఎంతున్నా చెరి సగమే జరుపుతాను. మా ఆవిడకీ నాకూ వచ్చే తేడాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఆ నాలుగూ నేనే జరగాలి.