పైడమ్మ పిన్ని మాటకు నేను పెట్టిన ఫుల్‌స్టాప్

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందే ఒక మాట. నేను కోపంగా ఉన్నాను. ఇందులో కన్నీళ్లు వెతకకండి. ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే. మిగిలింది నాకు కూడు పెడుతున్న చదువు మీద.

నేను మేనేజ్‌మెంట్ విభాగంలో పాఠాలు చెబుతాను. మా శాఖను ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు. ఆఫీసులోకో ఫ్యాక్టరీలోకో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే అక్కడి మనుషులు దాన్ని ఎలా వాడతారు, ఎందుకు వాడరు అని పరిశోధించడం మా పని. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అది ఇంజనీర్ల సంగతి అంటాం. మనిషి దాన్ని పక్కన పెడితే మాత్రం మాకు పండగే. దానికొక పేరు కూడా పెట్టుకున్నాం: వినియోగదారుల ప్రతిఘటన. ఆ పేరు పెట్టగానే తప్పెవరిదో తేలిపోయినట్టే. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదా? తెలుసు. బాగా తెలుసు.

మాది ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. నేను వేరే ఊళ్లో పీహెచ్‌డీ చేస్తూ, పరిశోధనకు మా ఊరినే ఎంచుకున్నాను. పట్టణం బయట ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ ఉండేది. పేరు చెప్పను. ఇనుప విడిభాగాలు చేసేవాళ్లు. అప్పుడే పనిముట్ల లెక్క చూసే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అక్కడ స్టోరు చూసే మనిషి పైడమ్మ పిన్ని. (పేర్లు మార్చాను.) సుభాష్‌పల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. భర్త పోయాక ఆ ఉద్యోగంలో చేరి, స్టోరు కిటికీ దగ్గర ఇరవై ఏళ్లు కూర్చుంది. కంప్యూటర్ వచ్చాక కూడా ఆమె విడిగా ఒక నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోందని, అడిగినా ఇవ్వడం లేదని మేనేజరు నాతో అన్నాడు. ప్రతిఘటన దొరికిందని ఎగిరి గంతేశాను.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. అనుమతి అడిగి ఫోనులో రికార్డింగు నొక్కాను.

“పిన్నీ, అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి కదా. మళ్లీ ఈ పుస్తకం దేనికి?”

“అందులో రెండే గళ్లున్నాయి పాపా. ‘ఇచ్చినాం’ ఒకటి, ‘వచ్చింది’ ఒకటి. బరువులెత్తే గొలుసు పగిలి వచ్చిందనుకో. దాన్ని ఏ గడిలో ఎయ్యాల? ‘వచ్చింది’ అని నొక్కితే మర్నాడు దాన్నే మళ్లీ ఇమ్మని సూపిస్తాది. పగిలిందని దానికి తెల్దు. నాకు తెలుసు. అందుకే దాని నంబరు ఇందులో రాసి, గొలుసు పక్కన పడేస్తన్నాను.”

“మేనేజరుకి చెప్పావా?”

“మూడుసార్లు సెప్పినాను. ఠీక్ హై, సాఫ్ట్‌వేర్ వోలొచ్చి సూస్తారన్నాడు. ఎవులొచ్చినారు? ఎవులూ రాలేదు.”

“మరి పుస్తకం ఇచ్చెయ్యమంటే?”

“నా పుస్తకం నాను ఎవులికీ ఇవ్వను. ఇచ్చిననాడు పగిలిన గొలుసు బయటికెళ్లిపోతాది. ఎవుడి మీదో తెగి పడతాది.”

ఆ మాటలన్నీ టైపు చేసి మా గైడుకు మెయిలు పంపాను. వ్యాసం మొదటిసారి రాసినప్పుడు ఉన్నదున్నట్టే రాశాను: సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి తక్కువైంది, ఆ లోటును ఒక మనిషి తన పుస్తకంతో పూడుస్తోంది అని. గైడు చదివి, ఇది ఫిర్యాదులా ఉంది, పరిశోధనలా లేదన్నాడు. జర్నల్ వాళ్లకు పంపితే, ఇందులో సిద్ధాంతపరంగా కొత్తదేముంది అని అడిగారు. ఒక గడి తక్కువైందంటే అది సిద్ధాంతం కాదట! గొలుసు తెగుతుందా, తెగదా అని ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్లు, పెద్ద పెద్ద పేర్లున్నవాళ్లు. ఒక్కరంటే ఒక్కరు.

కానీ ఆ తర్వాత చేసింది వాళ్లు కాదు. నేను.

పిన్ని మాటను సగంలో ఆపేశాను. “నా పుస్తకం నాను ఎవులికీ ఇవ్వను.” అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాను. రెండో సగం తీసేశాను. సమాచారం చేతిలో ఉంటే పెత్తనం చేతిలో ఉంటుందని, కంప్యూటర్ వస్తే ఆ పెత్తనం పోతుందని భయపడి పాత ఉద్యోగులు సమాచారాన్ని దాచుకుంటారని పది పేజీలు అల్లాను. ఆ ఇంగ్లీషు వ్యాసంలో పిన్ని ఒక మొండి ముసలిదైపోయింది. ఆ ఒక్క వాక్యం చూసి గైడు భుజం తట్టాడు. నేను సంతోషించానా? సంతోషించాను. ఆ రోజు స్వీట్లు కూడా కొన్నాను.

ఫ్యాక్టరీలోకి రానిచ్చినందుకు బదులుగా మేనేజరుకు ఒక చిన్న నివేదిక ఇస్తానని ముందే మాటిచ్చాను. అదే సంగతి అందులోనూ రాసిచ్చాను. మేనేజరు దాన్ని సాకు చేసుకుని, పిన్ని పుస్తకం లాక్కుని, ఆమెను ప్యాకింగు సెక్షన్‌లోకి మార్చాడు. స్టోరులోకి వచ్చిన కొత్త మనిషి కంప్యూటర్ ఏది ఇమ్మంటే అది ఇచ్చాడు.

నాలుగు నెలలకు ఒక గొలుసు తెగింది. ఇనుప చట్రం జారి తపన్‌దా చెయ్యి మీద పడింది. తపన్‌దా (బెంగాలీలో ‘దా’ అంటే అన్న) అక్కడ బరువులెత్తే పనిలో ఉండేవాడు. కుడి చేతి మూడు వేళ్లు తీసేశారు.

విచారణ పెట్టారు. పగిలిన గొలుసుల సంగతి ముందే ఎందుకు చెప్పలేదని పిన్నిని అడిగారు. చెప్పానంది. మేనేజరు లేదన్నాడు. పుస్తకం ఏమైందో తెలియదన్నాడు. అప్పుడామె, “ఫిట్టరుగారి పాప దగ్గర టేపుంది, అందులో అంతా సెప్పినాను, అడగండి” అందట.

వాళ్లు నన్ను అడిగారు. మెయిలు వచ్చింది. అప్పటికి నా వ్యాసం జర్నల్‌లో చివరి పరిశీలనలో ఉంది. టేపు బయటికొస్తే నేను కోసేసిన సగం కూడా బయటికొస్తుంది. వ్యాసం పోతుంది, దాంతో పట్టా, రాబోయే ఉద్యోగం. మధ్యాహ్నం భోజనం మానేసి జవాబు రాశాను. పరిశోధనలో పాల్గొన్నవారి మాటలు గోప్యమని, నియమం ప్రకారం రికార్డింగులు చెరిపేశానని. నిజానికి అప్పటికి చెరపలేదు. జవాబు పంపి, ఆ తర్వాత చెరిపాను, రాసింది నిజం చేయడానికి. గోప్యత! ఎవరి గోప్యత? చెప్పమని అడిగింది ఆ మనిషే. ఆమెను కాపాడటానికి పెట్టిన నియమాన్ని ఆమె నోటికే అడ్డం పెట్టాను. ఎంత శుభ్రమైన పద్ధతి! తప్పు చేసినట్టు ఎక్కడా కనిపించదు.

పిన్నిని పనిలోంచి తీసేశారు. నా వ్యాసం అచ్చయింది. బహుమతి వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఊరికి వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది, పైడమ్మ నన్ను ఒక్క మాట అనలేదని, “రూలు అలాగుంటాదట, పాపేటి సేస్తాది” అని అందరికీ సర్దిచెబుతోందని. ఆమె తిట్టి ఉంటే ఎదురు తిట్టి తప్పించుకునేదాన్నేమో. నమ్మిన మనిషిని ఏం చేయగలను?

పోయిన నెల క్లాసులో ఆ వ్యాసమే చెబుతున్నాను. అవును, ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నాను. ఒక అమ్మాయి చెయ్యెత్తి, “మేడమ్, ఆవిడ పుస్తకం ఎందుకివ్వనంది? మీరు అడగలేదా?” అంది. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అడిగానన్నాను. క్లాసు మధ్యలో వదిలేసి వచ్చేశాను.

టేపు లేదు. కానీ గైడుకు పంపిన పాత మెయిల్లో ఆమె మాటలన్నీ ఉన్నాయి. ఎప్పుడూ ఉన్నాయి. నాకు తెలుసు. ఆ పేజీ జతచేసి జర్నల్‌కు, ఫ్యాక్టరీకి, మా విభాగానికి నా పేరుతో, నా సంతకంతో ఉత్తరాలు రాశాను. తర్వాత ఖరగ్‌పూర్ రైలెక్కాను.

పిన్ని ఇప్పుడు ఆ ఊళ్లోనే మలంచా పేటలో తమ్ముడింట్లో ఉంటోంది. చీరలకు ఫాల్ కుడుతోంది. గుమ్మంలో కూర్చుని అన్నీ చెప్పాను. ఆమె సూది ఆపలేదు. ఫుల్‌స్టాప్ సంగతి చెప్పాను, నివేదిక సంగతి చెప్పాను. టేపు నేనే చెరిపానని చెప్పినప్పుడు సూది ఆగింది. తలెత్తి నా మొహం చూసింది. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు.

“తపన్‌కి సెప్పినావా?” అంది.

లేదన్నాను. ఆమె చీర మడిచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆటో ఎక్కి ఇందా అనే పేటలో దిగాను. తపన్‌దా ఇల్లు వెతుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తలుపు ఆయనే తీశాడు, ఎడమ చేత్తో. నాకు వచ్చిన బెంగాలీలో గుమ్మం బయటే నిలబడి చెప్పాను. తడబడ్డాను, వెనక్కి వెళ్లాను, ఒకచోట నన్ను నేను వెనకేసుకురాబోయి ఆగిపోయాను. ఆయన అంతా విన్నాడు. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

“ఆర్ ఏక్‌బార్ బోలో,” అన్నాడు నాతో. ఇంకోసారి చెప్పు. ఈమె వినాలి.

చెప్పాను. మొదటి నుంచి, ఏదీ వదలకుండా. రెండోసారి నేను తడబడలేదు.