వరి ఆకుల ఫొటోలు

బిలాస్‌పూర్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగం నాది. ప్రతి సోమవారం ఎక్కువ డేటా వాడిన పది కంప్యూటర్ల జాబితా తీసేవాణ్ణి. వరుసగా మూడు వారాలు మొదటి స్థానంలో ఉన్నదాని వేగం తగ్గించాలన్న నియమం నేను పెట్టుకున్నదే. ఆసారి వృక్షశాస్త్రం ల్యాబులోది వచ్చింది. ఎవరో సినిమాలు దించుకుంటున్నారనుకుని తగ్గించేశాను.

రెండు రోజులకు అక్కడ పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. ఇక్కడే తిఫ్రా పేటలో ఉండే తెలుగువాళ్ళమ్మాయి. తెగులు గుర్తించడానికి వేలకొద్దీ వరి ఆకుల ఫొటోలను వేరే ఊళ్ళోని పెద్ద కంప్యూటర్‌కి పంపుతోందట. అక్కడ ఆమెకిచ్చిన గడువు శుక్రవారంతో ఆఖరు.

"అన్నా, నెట్ బిల్కుల్ నడవట్లేదు. కొంచెం చూడండి."

"అందరికీ అలాగే ఉందమ్మా," అన్నాను.

ఆమె వెళ్ళాక వేగం పెంచేయవచ్చు, ఒక్క నిమిషం పని. కానీ మార్పు చేస్తే రికార్డులో పడుతుంది, అసలెందుకు తగ్గించావని మా అధికారి అడుగుతారు. ఆగాను. ఆమె హార్డ్‌డిస్కు బ్యాగులో వేసుకుని, అక్కడి నెట్‌తో ఫొటోలు పంపడానికి నెహ్రూ నగర్‌లోని మామయ్యగారింటికి స్కూటీ మీద తిరుగుతోందని మర్నాడు తెలిసింది.

ఆ సాయంత్రం నాన్నకి సగమే చెప్పాను. రైళ్ళు నడిపించే కంట్రోల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

"అచ్ఛా, గూడ్సుని పక్కకి తప్పించి లూప్‌లైన్లో పెట్టేసినావన్నమాట. అందులో ఏటున్నాదో అడిగినావేటి?"

"లేదు నాన్నా."

"మరేటి ఇంజినీరువిరా నువ్వు," అని నవ్వి టీ తాగారు.

శుక్రవారం పొద్దున్నే వేగం పెంచాను. గడువు ముగిసేసరికి సగం ఫొటోలే చేరాయి. ఆ పెద్ద కంప్యూటర్ మీద ఆమెకు మళ్ళీ వంతు రావడానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా పరిశోధన డేటాకి వేరే దారి వేయాలని నేనే ప్రతిపాదన రాశాను, నేనే వేయించాను. క్లాసుల వీడియోలూ మధ్యమధ్యలో ఆగడం మానేశాయి. అందరూ మెచ్చుకున్నారు. ప్రతిపాదనలో 'పాత ఏర్పాటులోని లోపం' అని రాశాను. ఆ లోపం ఎవరిదో రాయలేదు.

మొన్న ఆమె తన థీసిస్‌లోని కృతజ్ఞతల పేజీ తెచ్చి చూపించింది. నెట్ సమస్య కనిపెట్టి తీర్చినందుకట, అందులో నా పేరుంది.

"మీ పోస్టు పేరు కరెక్టుగా రాశానా అన్నా?"

"అసిస్టెంట్ కాదమ్మా, జూనియర్ ఇంజినీర్," అని పెన్నుతో దిద్దాను. మిగతా వాక్యాన్ని అలాగే వదిలేశాను.