తొమ్మిది గంటల పేర్లు

రోస్విటా నోవాక్ తూర్పు జర్మనీలోని మా గ్యోర్లిట్స్ ఊరి నాటకశాలలో ప్రాంప్టర్. వేదిక అంచున నేలలోకి దిగి ఉండే చిన్న గూటిలో కూర్చుని, నటులు మాట మరిచిపోతే అందించేది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పనే చేసింది. నేను అక్కడే విగ్గులు కట్టేదాన్ని.

1978 చలికాలంలో బెర్లిన్ నుంచి సినిమా బృందం ఒకటి వచ్చింది. మేము తరచూ ఆడే రెండు వందల ఏళ్లనాటి నాటకాన్ని సినిమాగా తీస్తున్నారు. అందులో ముసలి కంచరి ఒకడు ఉంటాడు. తను పోతపోసిన చర్చి గంటల్ని కరిగించి ఫిరంగులు చెయ్యమని ప్రభువు ఆజ్ఞాపిస్తే ఎదురు తిరుగుతాడు. ఆ వేషం డెబ్బై రెండేళ్ల గోట్‌హోల్డ్ బ్రాండిస్‌ది. ఆయన వయసు చూసి, మాట అందించే మనిషి పక్కన ఉంటే మంచిదని రోస్విటాని పిలిపించారు. జుట్టు పని కోసం నేనూ వెళ్లాను.

నైసె నది ఒడ్డున పాత షెడ్డులో చిత్రీకరణ. ప్రభువు మనిషి ముందు కంచరి "పొయ్యను" అనాలి, ఫిరంగులు పోతపొయ్యనని. ఆ ఒక్క మాట దగ్గర బ్రాండిస్ ఆగిపోయాడు. తొమ్మిదిసార్లు తీశారు, తొమ్మిదిసార్లూ అక్కడే తడబడ్డాడు.

దర్శకుడు ల్యూట్కె కుర్చీలోంచి లేచాడు. "ముసలాయనకి మతిమరుపు వచ్చేసింది. ఆ మాట ఎత్తేద్దాం. ఊరికే తల అడ్డంగా ఊపితే చాలు."

బ్రాండిస్ చెవిన పడేలాగే అన్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

రోస్విటా కళ్లజోడు తీసి, "ఆయనకేం కాలేదండీ. మాట పోయింది మీ కత్తెర వల్లే," అంది.

నేను దువ్వెన పట్టుకుని బిగుసుకుపోయాను.

"ఏంటమ్మా?"

"దానికి ముందు తొమ్మిది గంటల పేర్లున్నాయి. మీరు కొట్టేశారు. ఒసన్నా, బార్బరా, కథరీనా... కన్నకూతుళ్లని పిలిచినట్టు పిలుస్తాడు. అలా పిలిచాకే గదా ఆయనకి 'పొయ్యను' అనే ధైర్యం వచ్చేది! యాభై మూడులో మా దర్శకుడూ ఇలాగే కొట్టేశాడు. అప్పటి నటుడూ ఇక్కడే ఆగాడు."

"అమ్మా, మీరు నాటకాల మనిషి. ఇది సినిమా. తొమ్మిది పేర్లు చదివితే జనం నిద్రపోతారు."

"నేను జనానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. విసుగొస్తే దగ్గుతారు. ఆ పేర్ల దగ్గర ఇన్నేళ్లలో ఒక్క దగ్గు వినలేదు."

ల్యూట్కె కెమెరా మనిషి వైపు చూశాడు. అతను భుజాలు ఎగరేశాడు.

"సరే, ఒక్కసారి. ఫిల్ము మిగిలింది అంతే," అన్నాడు ల్యూట్కె.

బ్రాండిస్ మెల్లగా అన్నాడు: "రోస్విటా గారూ, ఆ పేర్లు నేను నేర్చుకోలేదు. కొట్టేశారుగా."

"నా పెదాలు చూడండి చాలు."

గొంతు వినబడితే శబ్దం పాడవుతుంది. అందుకని రోస్విటా కెమెరా పక్కన పీపా మీదికెక్కి నిలబడింది. ఒక్కో పేరూ చప్పుడు లేకుండా పెదాలతో పలికింది. బ్రాండిస్ కళ్లు ఆమె మీద నిలిపి ఒక్కొక్కటే పలికాడు. ఐదో పేరుకి గొంతు వణికింది. ఏడో పేరుకి నడుం నిటారైంది. తొమ్మిదో పేరయ్యాక, రోస్విటా పెదాలు కదపకముందే, "పొయ్యను," అన్నాడు. అరవలేదు. లైట్లు పట్టుకునే మొరటు మనిషి ఒకడు టోపీ తీసేశాడు.

ల్యూట్కె వెళ్లి బ్రాండిస్ చేతులు పట్టుకుని, "మీ గురించి తప్పుగా అన్నాను, క్షమించండి," అన్నాడు. రోస్విటాకి చెయ్యిచ్చి పీపా మీంచి దించాడు. "రేపు మిగతా కోతలు కూడా చూద్దామా అమ్మా?"

"ఆరున్నరకి నాకు నాటకం ఉంది. ఐదింటికల్లా వదిలేస్తానంటే వస్తా."

శరదృతువులో సినిమా మా ఊళ్లో మొదటిసారి ఆడింది. ఆ సాయంత్రం రోస్విటా జుట్టు నేనే చుట్టాను. ఆట అయ్యాక బ్రాండిస్ ముందు వరసలో లేచి, ఆమెని చేయి పట్టి వేదిక పైకి తీసుకెళ్లాడు. ఏం జరిగిందో దాచకుండా అందరికీ చెప్పాడు. హాలు లేచి నిలబడింది.

ఆమె సిగ్గుతో ఎర్రబడి, నా వైపు చూసి, "దిగిపోవచ్చా ఇంక?" అని సైగ చేసింది.

అప్పుడే వద్దని తల అడ్డంగా ఊపాను. పక్కనున్న అపరిచితురాలు "ఎవరావిడ?" అంటే, "మా రోస్విటా," అన్నాను. అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే.