కాస్త ఈ బిందె దించు నాయనా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పుకునేవాళ్ళు కాదు. అన్నం పెట్టినా, మంచినీళ్ళు అందించినా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నా అంతే. సొంతవాళ్ళతో అలాంటి మాటంటే వాళ్ళను పరాయి చేసినట్టుండేది. 'నీ కడుపు చల్లగా ఉండ' అనే దీవెన మా నాయనమ్మ నోట రావాలంటే, దారినపోయే మనిషెవరో ఆమె నెత్తికి గడ్డిమోపు ఎత్తాలి. అది బయటివాళ్ళ కోసం ఉంచిన మాట. ఆ మాటను ఆమె ఒక ఏడాది కన్న కొడుకుతో, అంటే మా నాన్నతో, పొద్దస్తమానం అనటం మొదలుపెట్టింది.

అది మా గుంటూరు పల్లెల్లో పత్తిని తెల్లదోమ ఊడ్చేసిన ఏడు. మందు మీద మందు కొట్టారు. దోమ పోలేదు సరికదా, ఆకు జిగటెక్కి నల్లబడి, కాయ సరిగా విచ్చకుండానే చేలు మాడిపోయాయి. మా నల్లరేగడి చేనంతా పత్తే. ఊరి పక్కనున్న చిన్న ముక్కలో వేసిన మిరప మాత్రం దక్కింది.

చేను చూసి వచ్చిన రోజున మా నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పడుకోవటం పడుకోవటమే. వీధి చివరి మనిషితో కూడా ఇక్కణ్ణుంచే గొంతెత్తి మాట్లాడే మనిషి, పలకరిస్తే ఊ అనటం కూడా మానేశాడు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేవాడు. అంతలో పక్క ఊళ్ళో ఒక పత్తిరైతు ప్రాణం తీసుకున్నాడని కబురు వచ్చింది. మా అమ్మ ఆ కబురు విని, నాన్న వంక ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళి కూలబడిపోయింది. ఇంట్లో అందరూ దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు. పిల్లలకు తెలియదనుకోవటం పెద్దవాళ్ళ భ్రమ.

చుట్టాలు వచ్చారు. ధైర్యంగా ఉండాలని, అందరికీ వచ్చిన కష్టమేనని బుద్ధులు చెప్పి, కాఫీలు తాగి వెళ్ళారు. మా నాయనమ్మ ఒక్క బుద్ధీ చెప్పలేదు. ముందు ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ బయటికి పంపించేసింది. మర్నాడు పొద్దున మంచినీళ్ళ బావి నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చి, సరిగ్గా మంచం ముందు నిలబడింది.

"మెడ పట్టేసింది. కాస్త ఈ బిందె దించు నాయనా."

తల్లిని బిందెతో నిలబెట్టి ఏ కొడుకు మాత్రం పడుకోగలడు? లేచి దించాడు. "నీ కడుపు చల్లగా ఉండ" అంది నాయనమ్మ. నాన్న ఆమెను వింతగా చూసి మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

ఇక ఆ రోజు నుంచి ఆమెకు ఏ పనీ చేతకాకుండా పోయింది. అప్పటిదాకా గేదెను ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చిన మనిషికి ఉన్నట్టుండి అది మాట వినటం లేదట. పలుపు తెగిందట, కొత్తది పేనాలట. చొప్పమోపు బరువట. మిరపకాయలు ఎండబోసిందట, వంగి తిరగేయలేకపోతోందట. ప్రతి పనికీ ఒక పిలుపు, పని కాగానే ఒక దీవెన. నాన్న విసుక్కుంటూనే లేచేవాడు, చేసి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. రోజూ గిన్నెలు తోమి, వాకిలి ఊడ్చి, పేడ ఎత్తే నాతో ఏనాడూ ఆ మాట అన్న పాపాన పోలేదు మరి.

ఒక మధ్యాహ్నం నాన్న గేదెకు నీళ్ళు పెట్టటానికి దొడ్లోకి వెళ్ళాడు. నేను వసారాలోకి వచ్చేసరికి నాయనమ్మ మంచం కాళ్ళవైపు చతికిలబడి, బిగింపుతాడు ముడి విప్పి నులక వదులు చేస్తోంది. నాన్న ముందురోజే చెమటలు కక్కుతూ బిగించిన మంచం అది.

"అదేంది నాయనమ్మా, మళ్ళీ కుక్కిమంచం చేస్తన్నావు?" అన్నాను.

"కుక్కిదైతేనే గదే, పడుకోలేక లేచి బిగించుకునేది" అంది, తల ఎత్తకుండా.

మనసులో ఉన్నది కూడా అడిగేశాను. నేనింత చాకిరీ చేస్తే లేని దీవెన, నాన్న చెంబెడు నీళ్ళిస్తే ఎందుకన్నాను. ఆమె చేతిలో తాడు ఆగిపోయింది.

"తెల్లారి కళ్ళు తెరవాలంటే భయమేస్తందే. నా కొడుకు ఉన్నాడో లేడోనని గుండె పీచుపీచుమంటది. బిందె దించాడా, ఈ పూటకి ఉన్నాడు. చొప్పేశాడా, మాపటిదాకా ఉన్నాడు. పని చెప్పటం నాటకమే. ఆ మాట నాటకం కాదు."

 పక్కన కూర్చుని, మిగతా ముడి నేనే విప్పాను.

కొన్నాళ్ళకు ఒక ఉదయం లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. దొడ్లో లేడు, మిరపకాయల దగ్గరా లేడు. మా అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయనమ్మ చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. నేను ఆమె వెనక. మలుపు తిరిగేసరికి ఎదురుగా మా నాన్న, భుజాన కావడి, రెండు బిందెల నిండా నీళ్ళు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు.

"నిమ్మళంగా రావే అమ్మా, పడతావు" అన్నాడు.

అన్నాళ్ళూ చెంబెడు నీళ్ళకు కూడా దీవించిన మనిషికి అప్పుడు మాట పెగల్లేదు. కావడి బద్ద పట్టుకుని, కొడుకు పక్కన నడుస్తూ, ఇల్లు చేరేదాకా ఏడ్చింది. నాన్న ఏమీ అడగలేదు. అంతా తెలిసే ఉంటుందనిపిస్తుంది నాకు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు సేద్యం చేశాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు.

నాకిప్పుడు వయసు మీదపడింది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ముడుచుకుంటే బుద్ధులు చెప్పను, ఏదో ఒక పని చెబుతాను. ఏ పనీ లేనప్పుడు కూడా వంటింట్లోంచి ఊరికే ఒక కేక వేస్తుంటాను. అవతలి గదిలోంచి "అబ్బ, వస్తున్నా ఉండు" అని ఒక గొంతు విసుక్కుంటుంది. ఆ విసుగు వినపడితే చాలు, ఆ పూటకు నాకు ఇంకేమీ అక్కర్లేదు.