అందరూ చెప్పిన బీరకాయ కూర

నా చిన్నప్పుడు రామన్నపేట దగ్గరి మా పల్లెలో నీళ్లకు కరువుండేది, గడ్డికి కరువుండేది, సలహాలకు మాత్రం ఎన్నడూ లేదు. మా తమ్ముడు పుట్టిన వారంలో ఆ సంగతి నాకు బాగా తెలిసింది. అమ్మ మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. పాలు చాలక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చూడవచ్చిన ప్రతి ఆమె గడపలో చతికిలబడి, తలా ఒక దినుసు చెప్పి పోయింది. ఒకామె వాము అంది, ఒకామె మిరియాలంది, ఇంకొకామె మెంతులు. పక్కింటి పెద్దమ్మకైతే శొంఠిని మించిన మందు లోకంలోనే లేదు. ఒక్క పూట వండి పెట్టడానికి మాత్రం ఒక్కరికీ చెయ్యి రాలేదు.

ఆ రోజు మా అవ్వ చేలో కలుపు తియ్యడానికి పోతూ వంట నాకు అప్పగించింది. నాకు పదేళ్లు. వానలకు దడి మీద బీరకాయలు లేతగా కాశాయి. నాలుగు తెంపి పొయ్యి మీద వేశాను. పెద్దవాళ్లు మంచివన్నవన్నీ కలిపితే ఇంకా మంచిదనుకుని వాము, మిరియాలు, మెంతులు, శొంఠి, అన్నీ పిడికిళ్లతో వేశాను. అమ్మ ఒక్క ముద్ద పెట్టుకుని, కళ్ల నీళ్లతో కంచం జరిపేసింది. తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. వాడు బతకడేమోనని నాకు భయం పట్టుకుంది.

మధ్యాహ్నం అవ్వ వచ్చి కూర నాలుక మీద వేసుకుంది. అమ్మ మంచం దగ్గరికి పోయి, "ఏం తినబుద్దైతాంది బిడ్డా?" అంది. అన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

"గా బీరకాయే అత్తా. జర పలుచగ, కారం లేకుంట."

అవ్వ ఇంకో రెండు కాయలు తెంపి, ఇంత జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి దించింది. అమ్మ కంచం ఖాళీ చేసింది.

నా కూరను మాత్రం అవ్వ పారబొయ్యనివ్వలేదు. సాయంత్రం ఆ సలహాల గుంపు మళ్లీ వస్తే, తలా ఒక జొన్న రొట్టె మీద ఆ కూర వేసి చేతికిచ్చింది. పెద్దమ్మకు మొదటి ముద్దకే దగ్గు తన్నుకొచ్చింది.

"గిదేం కూరనే, గొంతు మండుతాంది!"

"మీరు చెప్పినయే ఏసినం. నీ శొంఠి గూడ అండ్లనే ఉన్నది. బాలింతకు మండది గని నీకు మండుతాందా? తినుండ్రి, మంచిది."

లోపల అమ్మ నవ్వడం వినిపించింది. ఆ గుంపు వారం దాకా మా గడప తొక్కలేదు. ఆలోగా అమ్మకు పాలు పడి, తమ్ముడి ఏడుపు తగ్గింది.

ఇప్పుడు నా కోడలు బాలింత. చౌటుప్పల్‌లో మా ఇంటినిండా పసుపు గోలీలు, ఆకుల పొడులు, పేరు పలకరాని డబ్బాలు. మండుటెండల్లో చలికాలపు గోబిపువ్వు కొని తెచ్చే మొనగాళ్లు ఫోన్‌లో చూసి నాకు ఆరోగ్యం నేర్పుతారు. కాలమేదో, కడుపేదో తెలియని ఆ తెలివిని చూస్తే నాకు రోత. నేను ఆ డబ్బాల మూతలు తియ్యను. పొద్దున్నే ఆ పిల్ల పక్కన కూర్చుని, ఏం తినాలనుందో అడిగి, తర్వాతే పొయ్యి వెలిగిస్తాను. ఎవరైనా సలహా చెప్పబోతే, "ముందు అది నువ్వు తిను" అంటాను. ఇంతవరకు ఒక్కరూ తినలేదు.