మంచం మీంచి లేవని మనిషి కథ

మంచి క్రైస్తవ నవల ఏదైనా చెప్పమని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ప్రార్థన కూటాల్లో పరిచయమైన ఆడవాళ్లు, కాలేజీకి వెళ్లే వాళ్ల కూతుళ్లు. కన్నీళ్లు పెట్టించాలట, చివర్లో మాత్రం మనసు నిమ్మళం కావాలట. నాకు ఒళ్లు మండుతుంది. నిమ్మళం కావాలంటే ఇంత మజ్జిగ తాగి పడుకోండి అనబోయి ఊరుకుంటాను. నేను చెప్పగలిగింది ఒక్క పుస్తకమే. దాని గురించి చెప్పాలంటే మరమగ్గాల ఊరు భివండిలో మా పక్క ఖోలీ, అంటే పక్క గదివాళ్ల సంగతి చెప్పాలి.

తొంభైల నాటి మాట. పెళ్లయి భివండిలోని కామత్‌ఘర్ వచ్చినప్పుడు నా పెట్టెలో చీరల కింద ఓ కట్ట నవలలు ఉన్నాయి. మా పుట్టింటివాళ్లు ప్రభువును నమ్ముకున్నవాళ్లు. అత్తింటివాళ్లు గుడికి వెళ్లేవాళ్లు, కానీ నా పుస్తకాల జోలికి ఎవరూ రాలేదు. ఇంట్లో కూర్చుని సాంచాలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టేదాన్ని. మా గల్లీ అంతా పనికి వలస వచ్చిన తెలుగువాళ్లే, అయినా పిల్లలు మరాఠీ బడికి పోయేవారు, పెద్దవాళ్లలో చాలామందికి చదువు లేదు. తెలుగు గడగడా చదివేది నేనొక్కదాన్నే అని కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

పక్క ఖోలీలో ఉండే ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె భర్తను బావా అనేదాన్ని. ఆయన ఏళ్ల తరబడి సాంచాలు నడిపి, నూలు దుమ్ము పీల్చి పీల్చి మంచాన పడ్డాడు. ఊపిరితిత్తులు పోయాయన్నారు డాక్టర్లు. మందులతో పని కాక, దిక్కుతోచక, ఆ ఇద్దరూ ప్రార్థన చేసేవాళ్లను ఇంటికి పిలిచారు. వచ్చినవాళ్లు మంచం చుట్టూ నిలబడి ప్రార్థించి, పోతూ పోతూ ఒక మాట అనేవారు. "విశ్వాసం ఉంటే తప్పక లేస్తవు తమ్మీ." మంచికే అన్నారు. ఆయన లేవలేదు. అంటే తనకు విశ్వాసం లేదన్నమాట. పడుకుని పడుకుని ఆయన తేల్చుకున్నది అదీ.

నేను వాళ్లకు నవలలు చదివి వినిపించేది శుక్రవారమే. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు బంద్. మిగతా రోజుల్లో పగటి పాళీ, రాత్రి పాళీ తేడా లేకుండా గోడ అవతల సాంచాలు కొట్టుకుంటూనే ఉండేవి, పక్కనున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. సాంచాల మధ్య బతికినవాళ్లకు పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటు. అంతా సద్దుమణిగిన శుక్రవారం కూడా నేను పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంటే అక్క కోప్పడేది.

"మూతి కనవడాలె చెల్లె. గప్పుడే నాకు కత ఎక్కుతది."

నా నవలలన్నీ ఒకే సాంచా మీద దిగిన గుడ్డలా ఉండేవి. ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు, ఓర్పుగల ఇల్లాలు, ఉపవాస ప్రార్థన, చివరి పేజీలో రోగి లేచి కూర్చుని గంజి అడగడం. నాకు అవంటే ప్రాణం. చివరి పేజీ వచ్చిందంటే గొంతు పెంచి మరీ చదివేదాన్ని. ఒక శుక్రవారం అలాగే గంజి దాకా వచ్చాను.

"మంచిగనే ఉన్నది మర్దలా," అన్నాడు బావ. "గని గా కతల నేను లేను."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అక్క నా వెంట గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"లేవనోడి కత ఉంటదా చెల్లె? విశ్వాసం ఉండి గూడ లేవనోడిది. ఒక్కటి దొర్కితే సదివి పెట్టు. తప్పంత తనదే అనుకుంటాండు. గట్ల అనుకుంటనే పోతడేమో."

పాస్టరయ్యను అడిగాను. అలాంటి కథ ఎవరికి ఆదరణ తల్లీ అన్నాడు. సభల దగ్గర దుప్పటి మీద పుస్తకాలు పరిచి అమ్మే ఆయన నన్ను ఎగాదిగా చూసి, చచ్చిపోయే కథ ఎవరు కొంటారమ్మా అన్నాడు. ఆయన దుప్పటి నిండా లేచినవాళ్లే. చివరికి మా అమ్మకు కబురు పెడితే, ఊరి నుంచి వచ్చే మనిషి చేత అట్ట ఊడిపోయిన పాత నవల ఒకటి పంపింది. అందులో ఒక కుమ్మరి. ఎంత ప్రార్థించినా జబ్బు తగ్గదు. నీకు విశ్వాసం చాలలేదని బంధువులు దెప్పుతారు. దేవుడికి తన మీద కోపం లేదని, తన పక్కనే కూర్చున్నాడని భార్యకు చెప్పి చివర్లో కన్నుమూస్తాడు. నేను మొదట ఒక్కదాన్నే చదువుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాను. బంధువులు కుమ్మరిని దెప్పే చోటికి రాగానే బావ ఇటు తిరిగాడు.

"ఆగు. గది మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తొందరేముందని నింపాదిగా చదువుతూ పోయాను. ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగా, ప్రతి శుక్రవారం వచ్చే వేళ కాకముందే కరెంటు వచ్చేసింది. గోడ అవతల సాంచాలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. నేను గొంతు చించుకుని చదివాను. బావ అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. అక్క మాత్రం నా మూతి వంకే చూస్తూ చివరి మాట దాకా పట్టుకుంది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మిగతాది ఆయనకు అక్క చెబుతుందిలే అనుకుని ఇంటికి వచ్చేశాను.

మరుసటి శుక్రవారం రాకముందే బావ పోయాడు. దినాలు అయ్యాక, ఊరికి పోవడానికి సామాను మూట కడుతూ అక్క చెప్పింది.

"చెప్పిన చెల్లె. చెవుల నోరు పెట్టి చెప్పిన. గా కుమ్మరాయిన గూడ లేవలే, దేవుడు ఆయినను ఇడ్సిపెట్టలే అని. నవ్విండు. 'ఊకో, బుక్కుల గట్ల రాయరు' అన్నడు. 'నన్ను సముదాయించనీకి నువ్వే అల్లి చెప్తున్నవ్. మర్దలు గన్ని కతలు సదివింది, అండ్ల ఒక్కడన్న లేవకుంట ఉన్నడా?' అన్నడు."

మూట ముడి బిగించడానికి ఒక చెయ్యి వేశాను.

అక్క మళ్లీ భివండి రాలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అట్ట లేదు కాబట్టి దాని పేరు నాకూ తెలియదు. మంచి నవల చెప్పమని అడిగినవాళ్లకు అదే తీసి చూపిస్తాను. మంచాన పడ్డ మనిషికి వినిపించేటట్టయితే ముందు చివరి పేజీయే చదవండి అని చెబుతాను. వాళ్లు నాలుగు పేజీలు తిప్పి, చివరికి లేస్తాడా అని అడుగుతారు.

లేవడు అంటాను. పుస్తకం మళ్లీ నా చేతిలో పెట్టేస్తారు.